పదకొండేళ్ల సున్నాలు

ఆ ఉదయం తూర్పు మర తిరగలేదు. కాపలాదారు వేళ్లకు గుడ్డ చుట్టుకుని ఇంకోసారి బిగించి చూశాడు. మర చివరంటా దిగిపోయింది. ఇక దిగడానికి చోటు లేదు.

కొండమీది గదిలో, సిమెంటు దిమ్మె మీద పెట్టిన పెద్ద రసమట్టం అది. మూడు కాళ్లు, కాలికో మర, పైన గాజుగొట్టం, అందులో బుడగ. నేల ఎటు లేస్తే బుడగ అటు జరుగుతుంది. ఆ కొండ చిన్న అగ్నిపర్వతం. ముప్పయ్యేళ్ల కిందట ఒక పూట నిప్పులు కక్కి, నాలుగిళ్ల కప్పుల మీద బూడిద పోసి ఊరుకుంది. దాని మీద ఓ కన్నేసి ఉంచమని ఆఫీసువాళ్లు ఒక గది కట్టి ఒక మనిషిని పెట్టారు. పదకొండేళ్లుగా ఆ మనిషి ఇతనే. కింద బజారులో ఇతణ్ణి బుడగ మావయ్య అంటారు.

ఉద్యోగం అప్పగించి పోతూ పాత కాపలాదారు కిటుకు చెప్పాడు. దిమ్మె పడమటి పక్కకు కుంగుతోందట, కట్టినవాడు చేతకానివాడట, బుడగ తూర్పుకు పోయేది అందుకేనట. పొద్దున్నే తూర్పు మర ఒక పిసరు దించి, బుడగను మధ్యకు తెచ్చి, పుస్తకంలో సున్నా వేసెయ్యమన్నాడు. వేరే అంకె వేస్తే పైనుంచి సవాలక్ష ప్రశ్నలొస్తాయన్నాడు. ఇతనూ అలాగే చేశాడు. మర ఎంత తిప్పాడో ఏనాడూ రాయలేదు. భార్య పోయిన మర్నాడు కూడా వచ్చి, మర తిప్పి, సున్నా వేసి, తలుపుకు తాళం పెట్టి వెళ్లాడు.

కొండ తూర్పు భుజం మీద కొత్త వీధి వెయ్యొచ్చో లేదో తేల్చడానికి ఆ వారమే ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. రాళ్లు చదవడం ఆమె పని. నాలుగు రోజులు కొండంతా తిరిగి కొట్టుకొచ్చిన రాళ్లను ముందురోజు సాయంత్రం బల్ల మీద పరిచింది. అడుగుపొర రాయి నల్లగా, గుల్లగా ఉంది. పైపొర రాయి బూడిదరంగు, నిండా తెల్లటి పలుకులు. తేడా ఏమిటని అడిగాడు.

"కొండ చిన్నప్పుడు కిందనుంచి కరిగిన రాయి వచ్చింది వచ్చినట్టే బయటపడేది సార్. ఎక్కడా ఆగేది కాదు. వచ్చీ వచ్చీ దారంతా వేడెక్కింది. ఇప్పుడొచ్చేది మధ్యలో ఆగుతోంది. చల్లారి, చిక్కబడి, వెనకొచ్చేదాంతో కలుస్తోంది. ఈ పలుకులు అలా ఆగినప్పుడు కట్టినవే. పెద్ద కొండలు చాలావరకు ఇలా పెద్దవైనవే. ఒక నోరు నాలుగు నోళ్లవుతుంది. చిన్నాచితకా దగ్గులుండవు. తెరిస్తే మాత్రం ఊరు మిగలదు."

"ఎన్నాళ్లకు?"

"వందేళ్లు కావచ్చు, వెయ్యి కావచ్చు, రేపే కావచ్చు. కింద నిండుతుంటే పైన నేల ఉబ్బాలి. మీ పుస్తకంలో అన్నీ సున్నాలే. ఇంత బుద్ధిమంతురాలైన కొండను నేనెక్కడా చూళ్లేదు. వీధికి సరేనని రాసేస్తాను."

అతను పుస్తకం మూసి ఇంటికి వెళ్లాడు. రాత్రి నిద్ర పట్టింది. పొద్దున మర తిరగలేదు.

తూర్పు భుజం మీద అప్పటికే ఒక ఇల్లుంది. అతని బావమరిదిది. ఆసుపత్రిలో భార్య పందొమ్మిది రోజులుంటే, ఆమె ఒక్కగానొక్క తమ్ముడు రెండోరోజున ఒకసారి వచ్చాడు. మంచం పక్కన నిలబడి ఇసుక దొరకడం లేదని మాట్లాడి వెళ్లాడు. ఆమె పోయిన రోజున ఇంటికి స్లాబు పోస్తున్నాడు. మధ్యలో ఆపితే పగుళ్లిస్తుందని ఆపలేదు. అంతా అయ్యాక, గోళ్లలో సిమెంటుతో వచ్చాడు. నాలుగేళ్లుగా ఇతను ఆ గడప తొక్కలేదు.

ఊరుకుంటే ఆ ఇంటి చుట్టూ ఒక వీధి లేస్తుంది. చెబితే ఉద్యోగం పోతుంది, ఆ ఇల్లు పోతుంది, పాత కక్ష తీర్చుకున్నాడని నలుగురూ అంటారు. స్టూలు మీద కూర్చుని భయమేస్తోందా అని చూసుకున్నాడు. వెయ్యలేదు. సంతోషంగా ఉందా అనీ చూసుకున్నాడు. అదీ లేదు. లేచి ఆ అమ్మాయిని పిలిచాడు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని మూడు కాళ్లూ కొలిచింది. రెండు మరలు నాలుగేసి వేళ్ల ఎత్తు పైకున్నాయి. తూర్పుది అసలు పైకి లేనే లేదు. దిమ్మె చుట్టూ వేలు పెట్టి చూసింది.

"దిమ్మె కుంగలేదు సార్. కుంగితే ఈ గచ్చు పగిలేది. తూర్పున నేలే ఉబ్బింది."

"ఊఁ."

"ఎంత తిప్పారో ఎక్కడైనా రాశారా?"

"లేదు."

జరిగింది అతని చేత్తోనే రాసివ్వకపోతే తన రిపోర్టు నిలబడదని చెప్పింది. ఉద్యోగం పోతుందని కూడా చెప్పింది. మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు.

ఆఫీసు కాగితం వెళ్లేలోగా తన నోటితో చెప్పాలనుకుని, అటునుంచటే తూర్పు భుజానికి నడిచాడు. గడప బయటే నిలబడి, ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఎందుకో చెప్పాడు.

బావమరిది నవ్వాడు. "స్లాబు ఆపలేదనే కదా బావా ఇదంతా. ఆ రోజే నాలుగు తన్నాల్సింది. కొండను అడ్డం పెట్టుకోవడమెందుకు?"

"అది మర్చిపోలేదు, మర్చిపోను కూడా. ఇది వేరు."

బావమరిది భార్య తలుపు దగ్గరకొచ్చింది. "అంత ప్రమాదమైతే ఈ పదకొండేళ్లూ ఏం చేశావు అన్నయ్యా?"

"సున్నాలు వేశాను."

బావమరిది నవ్వు ఆగింది. ఇతను దిగి వచ్చేశాడు.

నెల తిరక్కుండా అతని ఉద్యోగం పోయింది. తూర్పు భుజం ఖాళీ చెయ్యమని నోటీసు అంటించారు. మావయ్య బుడగ పేలిందని బజారులో నవ్వుకున్నారు. పోయిన పెళ్లాం పేరు చెప్పి బావమరిది కొంప కూల్చాడని ఎదురుగానే అన్నారు. కొండ మాత్రం కిమ్మనలేదు. చిన్న పొగైనా రాలేదు.

గడువు చివరివారంలో అతను మళ్లీ పైకి వెళ్లాడు. బావమరిది ఒంటరిగా గుమ్మం ఊడదీస్తున్నాడు. సాయానికి వస్తానన్నవాడు రాలేదట. ఇతను రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని వ్యాను దాకా మోశారు. తర్వాత ఇంకో గుమ్మం, రెండు తలుపులు, ఒక కిటికీ. బావమరిది భార్య లోపల్నుంచి టీ తెచ్చి అరుగు మీద పెట్టింది. ఇతను ముట్టుకోలేదు. అది తొరక కట్టింది.

బావమరిది చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు.

"నీకేమీ అనిపించట్లేదా బావా?"

"లేదు. ఇంకా ఎన్నున్నాయి?"

"వంటింటి కిటికీ ఒకటి."

ఇతను లోపలికి నడిచాడు.