జొన్నచేని వడిసెల

నేను ఒక వడిసెలను. గోగునారతో పేనిన రెండు తాళ్లు, నడుమ రాయి పెట్టడానికి అరచేయంత అల్లిక, అంతే నా ఒళ్లు. పిట్టల ఫోటోలు తీసేవాళ్ల మధ్య నీకేం పని అని అడుగుతారేమో. ఆ మాట అడగాల్సింది నన్ను కాదు, వేరే మనిషిని.

నన్ను పేనింది కర్నూలు వైపు ఒక పల్లెలో రామక్క అనే అవ్వ. మనవరాలు సుంకులమ్మ చేతికి నన్నిచ్చి జొన్నచేనిలో మంచె ఎక్కించింది. "పిట్టను కొట్టొద్దు మే. పక్కన పడెయ్యి. దానికీ పిల్లలుంటాయి," అంది. గింజ పోతే పిట్టల ఏడు తరాలనూ తిట్టే ముసలిది, రాయి పిట్టకు తగిలితే మాత్రం మనవరాలికి ఆ పూట సంగటి పెట్టేది కాదు. మనుషుల న్యాయాల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.

మంచె మీద ఆ పిల్లకు చూడటమే పని. పిట్ట గాలికి ఎదురుగా లేస్తుందని, వాలేముందు ఒకసారి చుట్టి వస్తుందని అక్కడే తెలుసుకుంది. పెద్దయ్యాక పట్నంలో పెళ్లిళ్ల ఫోటోలు తీస్తూ, తీరిక దొరికితే కెమెరాతో పిట్టల వెంటపడింది. అవ్వ గుర్తుగా నన్ను సంచిలో ఉంచుకుంది.

ఫోటోగ్రాఫర్లలో పెద్దమనిషి చక్రధర్, ఆమె ఫోటోలను ప్రదర్శనలో పెట్టిస్తానని మాటిచ్చాడు. ఈ వేసవిలో అందరినీ వెంటేసుకుని, కొంగలు గూళ్లు కట్టిన చింతచెట్ల కిందికి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. గూళ్లలో ఈకలు రాని పిల్లలు. తల్లికొంగలు రెక్కలు విప్పి వాటికి నీడపట్టి నిలబడ్డాయి.

నిలబడ్డ కొంగలు ఆయనకు చాలలేదు, ఎగిరే గుంపు కావాలట. "చేత్తో విసిరితే అంత ఎత్తు పోదు. నీ దగ్గర వడిసెల ఉందిగా, ఒక్క రాయి వెయ్యి," అన్నాడు.

"వద్దు సార్. తల్లులు లేసినాయంటే పిల్లలు ఎండకు సచ్చిపోతాయి."

"రెండు నిమిషాల్లో వచ్చి వాలతాయిలే. ప్రదర్శన సంగతి మర్చిపోయావా? ఇటివ్వు, నేనే వేస్తా," అంటూ ఆమె సంచిలో చెయ్యిపెట్టి నన్ను లాగాడు.

ఛీ, ఏం మనిషి! తిండిగింజ కాపాడటానికి పేనారు నన్ను, ఈయన గోడకు బొమ్మ తగిలించడానికి కాదు. మొన్ననే వేదికెక్కి ప్రకృతి నా తల్లి అంటూ కళ్లు తుడుచుకున్నాడు. తల్లి మీదికి రాయి ఏరుకునే కొడుకును ఈ చింతచెట్ల కిందే చూశాను. మిగతావాళ్లు కెమెరాలు పైకెత్తారే గాని ఒక్కడూ వద్దనలేదు. నేనా, ఎవడి చేతిలో పడితే వాడికి ఊడిగం చేయాల్సిన బతుకు నాది. కోపంతో నార నార మండిపోయింది.

సుంకులమ్మ ఆయన చేతిలో వేలాడుతున్న నన్ను ఒడిసిపట్టుకుని, సంచిలోంచి చిన్నకత్తి తీసి నడిమి అల్లికను కోసింది. అవ్వ పేనిన నార ఒక పట్టాన తెగదు. పళ్లు బిగబట్టి కోసింది.

"నీ ఫోటోలు ఇక నువ్వే చూసుకో," అన్నాడాయన.

"చూసుకుంటాలే సార్," అంది.

చెట్టు కింద రెండు ముక్కలై పడి ఉన్నాను. నా కోపం చల్లారలేదు, చల్లారదు కూడా. కోసినందుకు ఆమె మీద మాత్రం లేదు. పైన ఒక్క కొంగ కూడా లేవలేదు.