వేడిచేతులమ్మ గ్లాసు

వేడినీళ్ల గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని మంత్రసాని నెమ్మదిగా కూర్చుంది. చాప మీద పడుకున్న దర్జీ భార్యకు తెల్లవారుజాము నుంచీ నొప్పులు. అయినా మంత్రసానికి తొందర లేదు. చల్లటి చేతులు తగిలితే తల్లి బిగుసుకుపోతుందని ఆమె నమ్మకం. ముప్పయ్యేళ్లుగా ఏ ఇంట అడుగుపెట్టినా ముందు అడిగేది వేడినీళ్లే. గ్లాసు మాత్రం తనదే, అంచున సొట్టపడిన స్టీలు గ్లాసు. అందుకే వీధిలో ఆమె అసలు పేరు మరుగునపడి వేడిచేతులమ్మ అన్న పేరే మిగిలింది.

ఇది ఆమె చివరి కాన్పు. వచ్చే నెల నుంచి ఇంటి కాన్పులకు ప్రభుత్వం భత్యం ఇవ్వదు, అందరూ ఆసుపత్రికే పోవాలి. అక్కడ కాన్పు ఉచితమని గోడమీద పెద్దక్షరాలతో రాశారు. ఆటో ఖర్చు, తోడొచ్చినవాళ్ల తిండి, ఆగిపోయిన కుట్టుపని మాత్రం ఏ గోడమీదా రాయలేదు. పోయిన వారం ఆసుపత్రిలో జరిగిన సమావేశంలో అధికారి అభిప్రాయం అడిగితే, ఆమె ఆసుపత్రిని ఒక్క మాట అనలేదు. ఒకప్పుడు నెత్తురు ఆగని తల్లిని తను తీసుకెళితే వాళ్లే బతికించారు, ఆ మేలు ఆమె మరిచిపోలేదు. రెండే అడిగింది. బండి పెట్టండి, తల్లితో మంత్రసానిని లోపలికి రానివ్వండి. అధికారి రాసుకుని, పరిశీలిస్తామన్నాడు. అంతమంది చదువుకున్నవాళ్ల మధ్య తన మాట కాగితం మీదికెక్కిందని పొంగిపోయి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

చేతులు వెచ్చబడ్డాక కడుపు తడిమింది. కింద ఉండాల్సిన తల గట్టిగా, గుండ్రంగా పక్కటెముకల కింద తగిలింది. మళ్లీ తడిమింది. వారం కిందట సరిగ్గా ఉన్న బిడ్డ తిరిగిపోయింది. ఆటో పిలవమంది.

“సర్కారు కాగితానికి భయపడుతున్నావా వదినా? నా కొడుకుని ఈ గదిలోనే కదా తీశావు,” అంది దర్జీ తల్లి.

“నీ కొడుకు తలతో వచ్చాడు. ఈ బిడ్డ తిరగబడి ఉంది. చివరి కాన్పని మురిసి కూర్చుంటే, నీ కోడలు దక్కదు వదినా.”

ఇంట్లోనే కాన్పనుకున్నారు గనక సంచీ సర్దలేదు. దర్జీ తల్లి చేతికందిన గుడ్డలన్నీ సంచీలో కుక్కుకుని బయల్దేరింది. గ్లాసులో మళ్లీ వేడినీళ్లు పోయించుకుని మంత్రసాని ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో రోగి ఒక్కతే రావాలంది నర్సు. దర్జీ భార్య మంత్రసాని చెయ్యి వదల్లేదు. విడదీయబోయిన నర్సు ఆగిపోయింది.

“మీ చేతులేంటమ్మా, ఇంత వెచ్చగా ఉన్నాయి?”

మంత్రసాని గ్లాసు చూపించింది. పెద్దమ్మ రాకపోతే నేనూ రానంది దర్జీ భార్య. నర్సు అటూ ఇటూ చూసింది.

“మంత్రసానుల్ని లోపలికి రానిమ్మని ఆర్డరింకా రాలేదు. వచ్చిందనుకుంటాలెండి, రండి.”

ఆపరేషన్ గది తలుపు దాకా ఆ చెయ్యి వదలలేదు. మధ్యాహ్నానికి కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. చుట్టడానికి గుడ్డ అడిగితే, సంచీలోంచి ఎవరిదో సగం కుట్టిన ప్యాంటు కాలు వచ్చింది. నర్సు నవ్వాపుకోలేక దాంట్లోనే చుట్టింది. బతికించావంటూ దర్జీ తల్లి చేతులు పట్టుకుంటే, బతికించింది లోపలివాళ్లని చెప్పింది మంత్రసాని. తనను నమ్మి ఇన్నేళ్లు తలుపులు తీసిన ఆడవాళ్లందరికీ ఆమె మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఆమెకిక ఏ లోటూ తోచలేదు.

సాయంత్రం ఆమె ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ చూడలేదు. అప్పుడే మరో గర్భిణి వణుకుతూ వచ్చింది. కడుపు చూడబోయిన నర్సు తన వేళ్లు తాకి చూసుకుని, వెనక్కి తీసుకుంది. వేడినీళ్ల ఫ్లాస్కు మూత తిప్పి, కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడ, శుభ్రంగా కడిగి బోర్లించిన సొట్టగ్లాసు ఉంది.