వెనక తలుపు

నాకు అనుమానం ఎక్కువ. ఇది నా మాట కాదు, మా ఇంట్లో అందరి మాట. మా ఆయన చొక్కా జేబులో ఒక సినిమా టికెట్ దొరికితే ఒక్కడివే ఎందుకు వెళ్ళావని అడుగుతాను, రెండు దొరికితే రెండోది ఎవరిదని అడుగుతాను. అలాంటిదాన్ని తీసుకొచ్చి, విమానాల కంట్రోల్ రూమ్‌లో తెర ముందు కూర్చోబెట్టి, రోజంతా జనాన్ని కనిపెట్టుకుని ఉండమన్నారు. అడక్కుండానే వరమిచ్చినట్టయింది.

పని ఏమిటంటే, విమానం వచ్చి ఆగినప్పటి నుంచి మళ్ళీ కదిలేదాకా కింద ఒక జాతర నడుస్తుంది. చక్రాలకు దిమ్మెలు పెట్టాలి, ముందూ వెనకా మెట్ల బండ్లు ఆనించాలి, జనం దిగాలి, సామాన్లు దించాలి, లోపల ఊడ్చి తుడవాలి, భోజనాలు ఎక్కించాలి, మళ్ళీ జనాన్ని ఎక్కించాలి. స్తంభాల మీది కెమెరాలు ఇదంతా చూస్తుంటాయి. అవి చూసినదాన్ని బట్టి కంప్యూటర్ నా తెర మీద ఒక్కో పనికీ ఒక్కో గడి నింపుతుంది. వేళకి అయితే గ్రీన్, ఆలస్యమైతే రెడ్. రెడ్ కనిపించిందంటే నేను ఫోన్ తీసి కిందవాళ్ళ ప్రాణం తోడేస్తాను.

కానీ కెమెరాకి విమానం లోపల ఏం జరుగుతోందో తెలియదు. క్లీనర్ల వ్యాన్ కదిలి వెళ్ళిపోతే లోపల శుభ్రం చేయడం అయిపోయిందనుకుంటుంది. వెనక మెట్ల బండి పక్కకు జరిగితే వెనక తలుపు మూసేశారనుకుంటుంది. ఊరికే అనుకుంటుంది, అంతే. అనుకుని గ్రీన్ వేసేస్తుంది.

మా మరిది, అంటే మా చెల్లెలి మొగుడు, కింద సూపర్‌వైజర్. కొన్నాళ్ళుగా అతని విమానాలన్నీ వరసగా గ్రీన్. మా డ్యూటీ మేనేజర్ ఆ వరసలు అందరికీ చూపించి, "పని అంటే ఇదీ" అని మురిసిపోయేవాడు. నాకు మాత్రం మింగుడుపడలేదు. తన పెళ్ళికే ఆలస్యంగా వచ్చిన మనిషి ఇన్ని విమానాలను వేళకి ఎలా పంపుతున్నాడు?

ఒక మధ్యాహ్నం పని తెరిపిచ్చినప్పుడు అతని విమానాల పాత దృశ్యాలు వెనక్కి తిప్పి చూశాను. మిగతా సూపర్‌వైజర్ల దగ్గర భోజనాల లారీ తన చోట తాను నిలబడుతుంది. మా మరిది దగ్గర మాత్రం ప్రతిసారీ కాసేపు అడ్డంగా వచ్చి ఆగుతోంది. సరిగ్గా వెనక తలుపుకీ కెమెరాకీ మధ్య. క్లీనర్లు ఎక్కడం కనిపిస్తోంది, దిగడం కనిపించడం లేదు. ఇంతలో వ్యాన్ వెళ్ళిపోతోంది, మెట్ల బండి పక్కకి జరుగుతోంది, నా తెర మీద గడులు పచ్చగా నిండిపోతున్నాయి. ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు, రెండుసార్లైతే సరిపెట్టుకోవచ్చు. ప్రతిసారీ అయితే ఏమనుకోవాలి?

మర్నాడు క్యాంటీన్‌లో రేడియో అత్త పక్కన కూర్చున్నాను. ఆవిడ క్లీనర్ల పెద్ద. నోరు మూయదు కాబట్టి అందరూ రేడియో అంటారు, పెద్దావిడ కాబట్టి అత్త అంటారు.

"ఏమ్మా, పైన కూర్చుని మా సినిమా బాగానే చూస్తున్నావా?" అంది టీ గ్లాసు ఊదుకుంటూ.

"చూస్తున్నాను గానీ అత్తా, ఈ మధ్య మీరు విమానం దిగే సీను కనిపించడం లేదు."

"ఏం కనిపిస్తుంది? మేం దిగేసరికి వ్యాన్ ఉంటేగా! ముందే పంపించేస్తున్నాడు మీ మరిది. నడిచి రండి, ఒంటికి మంచిదంటాడు. వెనక మెట్లు కూడా ఒక్కోసారి ఉంటాయి, ఒక్కోసారి ఉండవు. లేకపోతే ముందు నుంచి దిగుతాం."

"మెట్లు తీసేముందు మీకు చెప్పరా?"

"ఇదివరకు మెట్ల బండివాళ్ళు తలుపు మీద రెండుసార్లు తట్టేవాళ్ళమ్మా. మేం లోపల చూసుకుని, ఎవరూ వెనక లేరంటే తలుపు వేసి, తిరిగి రెండుసార్లు తట్టేవాళ్ళం. అప్పుడే మెట్లు కదిపేవాళ్ళు. ఇప్పుడు తట్టే తీరిక ఎవరికుంది? మీ తెరకి తట్టడం వినబడదటగా."

ఆవిడ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. విమానం వెనక తలుపు మేడ మీది కిటికీ అంత ఎత్తు. కింద సిమెంటు నేల. మెట్లు ఉన్నాయనుకుని ఎవరైనా వెనక్కి ఒక్క అడుగు వేస్తే చాలు.

డ్యూటీ మేనేజర్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నా వైపు జాలిగా చూశాడు.

"గ్రీన్ వచ్చినదాన్ని రెడ్ చేయమంటారా?"

"తలుపు మూయకుండానే మూసినట్టు వస్తోందంటున్నాను సార్."

"మీరు చూశారా?"

"లారీ అడ్డముంటే ఎలా చూస్తాను? అడ్డం పెట్టడమే కదా నేను చెప్పేది!"

"ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండమ్మా" అన్నాడు, ఫైలు తెరుస్తూ.

సాయంత్రం ఇల్లు చేరి చెప్పులు విప్పకముందే చెల్లెలి ఫోన్.

"అక్కా, మా ఆయన మీద కెమెరా పెట్టావట?"

"కెమెరా స్తంభం మీద ఉంటుందే. నేను పెట్టింది కాదు."

"వెటకారాలొద్దు. ఆయన్ని షిఫ్ట్ ఇన్‌చార్జిని చేస్తారంటున్నారు. ఇన్నాళ్ళకి ఇంట్లో మనిషిలా నవ్వుతున్నాడు. నీ అనుమానంతో మా నోటి దగ్గర కూడు తీసేయకు, నీకు దణ్ణం పెడతాను."

"నీకీ సంగతి ఎవరు చెప్పారు?"

చెల్లెలు ఫోన్ పెట్టేసింది. మేనేజర్ గదిలో మేమిద్దరమే ఉన్నాం. మాట గోడలు దాటి మా చెల్లెలి వంటింటి దాకా ఎలా వెళ్ళింది? మరిది వరసలు గ్రీన్‌గా ఉంటే పైవాళ్ళ దగ్గర మేనేజర్‌కీ మంచి పేరే కదా. ఆ రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. మా ఆయన దుప్పటి లాక్కుంటూ, "ఇప్పుడు ఎవరి మీద?" అని అడిగాడు. అందరి మీదా అన్నాను. నాకు ఏడుపొచ్చింది కూడా. నేను తప్పైతే చెల్లెలి కాపురంలో నిప్పులు పోసినదాన్నవుతాను. నేను ఒప్పైతే, నేను నోరు మూసుకున్న రోజున ఎవరో కింద పడతారు.

మర్నాడు మధ్యాహ్నం మా మరిది విమానం ఒకటి ఆలస్యంగా దిగింది. కింద ఉరుకులు పరుగులు. భోజనాల లారీ వచ్చింది, అడ్డంగా ఆగింది. క్లీనర్లు ఎక్కారు. కాసేపటికే వ్యాన్ వెళ్ళిపోయింది. శుభ్రం అయిపోయింది, గ్రీన్. నేను కుర్చీలోంచి లేచాను.

"ఎక్కడికి?" అన్నాడు పక్క సీటతను.

"గాలి పీల్చుకోవడానికి. నా తెర చూస్తుండు."

మెరిసే కోటు తగిలించుకుని మెట్లు రెండేసి చొప్పున దిగాను. నేను వెళ్ళేసరికి ప్రయాణికుల్ని ఇంకా ఎక్కడానికి వదల్లేదు. ముందు మెట్లెక్కి విమానంలోకి దూరాను. మధ్యలో సీట్ల మీద బెల్టులు సర్దుతున్న క్లీనర్లు నన్ను వింతగా చూశారు. అంటే పని ఇంకా అవనే లేదు.

చివర రేడియో అత్త కనిపించింది. నా వైపు మొహం పెట్టి, వంగి, రెండు పెద్ద చెత్త సంచులు లాక్కుంటూ వెనక్కి నడుస్తోంది. అల్లుడి గురించి ఎవరికో గట్టిగా చెబుతోంది. ఆవిడ వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపులోంచి మెట్ల బండి పైకొస కనిపించాలి. ఎండ తప్ప ఏమీ కనిపించలేదు.

అరిస్తే ఉలిక్కిపడి ఇంకో అడుగు వెనక్కి వేస్తుందేమోనని భయం. పరుగెత్తి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని నా మీదికి లాక్కున్నాను. ఇద్దరం చెత్త సంచుల మీద కూలబడ్డాం.

"ఏమైందే నీకు? పిచ్చి పట్టిందా?" అంది ఆవిడ.

"వెనక్కి చూడత్తా."

చూసింది. రేడియో ఆగిపోయింది. నేను ఆవిడని ఎరిగినప్పటి నుంచి అదే మొదటిసారి. తలుపు దాకా పాకి కిందికి చూశాను. మెట్ల బండి దూరంగా ఉంది. దాని పక్కన మా మరిది తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు, నా వెనక ఆవిడని చూశాడు, ముందు మెట్ల వైపు పరుగు తీశాడు.

వచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, అందరూ ముందుకెళ్ళిపోయారనుకున్నాను."

"తట్టావా?"

తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు.

"తట్టావా అని అడుగుతున్నాను!"

"రాయొద్దు వదినా. ఎవరికీ ఏం కాలేదు కదా. ఇకమీదట ఇలా జరగదు. మీ చెల్లెలి మొహం చూడండి."

రేడియో అత్త సీటు పట్టుకుని లేచింది. "నా మొహం కూడా కాస్త చూడు నాయనా" అంది మెల్లగా. "నేను కింద పడితే నువ్వు ఏ మొహం చూసేవాడివి?"

నేను పైకి వచ్చి తెర ముందు కూర్చున్నాను. వెనక తలుపు మూశారు, గ్రీన్. ఆ తలుపు తెరిచి ఉండగా దాని దగ్గర కూలబడి వచ్చినదాన్ని నేను. ఆ గడిని చూస్తే ఒళ్ళు మండిపోయింది. దాన్ని రెడ్ చేసి, విమానాన్ని ఆపించి, కారణం రాశాను. తలుపు తెరిచి ఉండగా, లోపల మనిషి ఉండగా మెట్లు తీశారు. సూపర్‌వైజర్ ఎవరో కూడా రాశాను. మేనేజర్ నా భుజం మీదుగా చదివాడు.

"సొంత మరిది అని కూడా చూడరా?"

"చూశాను సార్. రేడియో అత్తని కూడా చూశాను."

విచారణ జరిగింది. మరిది సూపర్‌వైజర్ పని పోయింది, ఇన్‌చార్జి మాట మట్టిలో కలిసింది. మెట్ల బండి తోలే పనికి దింపారు. మేనేజర్ తనకేమీ తెలియదన్నాడు, తన కుర్చీలోనే ఉన్నాడు. నా మాట చెల్లెలి ఇంటికి ఎవరు మోశారో ఇప్పటికీ ఆయన చెప్పలేదు, నేను మర్చిపోలేదు. తలుపు తట్టనిదే మెట్లు కదపకూడదని గోడల మీద కాగితాలు అంటించారు. చెల్లెలు నాతో మాట్లాడటం మానేసింది. ఎదురుపడితే పక్కింటావిడతో మాట్లాడినట్టు "బాగున్నారా" అంటుంది. ఆ బహువచనం గుండెలో గుచ్చుకుంటుంది.

మరిది ఇప్పుడు రోజూ నా తెర మీదే ఉంటాడు. మెట్లు తీసేముందు పైదాకా ఎక్కుతాడు. తలుపు తట్టబోయే ముందు కెమెరా వైపు తల తిప్పి సూటిగా చూస్తాడు. చెయ్యి బాగా పైకెత్తి, అందరికీ కనిపించేలా, ఒకటి, రెండు, కొడతాడు. లోపలివాళ్ళ కోసం కొట్టినట్టుండదు, నా నెత్తిన కొట్టినట్టుంటుంది. చూసినప్పుడల్లా నాకు అదే ఆలోచన. కెమెరా లేకపోతే కొడతాడా? నేను లేని రోజున కొడతాడా?

మొన్న ఒక విమానం దగ్గర భోజనాల లారీ చెడిపోయి అడ్డంగా నిలిచిపోయింది. ఈసారి నిజంగానే చెడిపోయింది, మెకానిక్‌కి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాను. వెనక తలుపు కనిపించడం లేదు. మెట్ల బండి తోలేది మా మరిదే. తొందరగా పంపించాల్సిన విమానం. లేచి కిందికి పరుగెత్తాలా, కూర్చోవాలా? కుర్చీ అంచున కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. లారీ చాటునుంచి మెట్ల బండి మెల్లగా బయటికొచ్చింది. వెనక తలుపు మూశారు, గ్రీన్.

ఫోన్ మోగింది. రేడియో అత్త.

"నీ కళ్ళు కాయలు కాస్తుంటాయని చేశానమ్మా. తలుపు వేసింది నేనే. కొట్టాడు."

"నిజంగానా? రెండుసార్లా?"

"రెండుసార్లు కాదు. రెండు కొట్టాడు, నేను లోపలి నుంచి రెండు కొట్టాను. అయినా కదల్లేదు. మళ్ళీ రెండు కొట్టి, 'అత్తా, నువ్వు లోపలే ఉన్నావు కదా?' అని అరిచాడు. ఉన్నాను రా అంటేనే దిగాడు."

కళ్ళల్లో నీళ్ళు తిరిగి తెర మీది గడులన్నీ కలిసిపోయాయి. వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. చివరికి ఎత్తింది.

"మీ ఆయన తట్టాడే" అన్నాను. "ఎవరూ చూడనప్పుడు తట్టాడు."

"నువ్వు మాత్రం చూడలేదేంటి?" అంది చెల్లెలు. గొంతు తడిగా ఉంది. "అనుమానప్పక్షివి. ఇంటికి రావే."