లూ పిన్ని కాచిన గంజి

ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూనే లూ ఫెంగ్‌షియా వెల్డరు జువాంగ్ గిన్నెవైపు చూసింది. ఇవాళా సగం అన్నం అలాగే ఉంది.

చైనాలో గ్వీజౌ కొండల్లో వంతెన కడుతున్న పనివాళ్లకు ఆమే వండిపెడుతుంది. పొట్టి మనిషి. చేతుల నిండా నూనె చిందిన మచ్చలు. ఇనుప మూకుళ్లు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారింది. మొగుడు పోయాక ఉత్తరాన ఉన్న తన షాన్షీ వదిలేసి, ఎక్కడ పని పడితే అక్కడికల్లా వెళ్లింది. సిచువాన్ వాళ్లకు నాలుక తిమ్మిరెక్కే మిరియాలు, హునాన్ వాళ్లకు మంటెత్తే కారం, ఈశాన్యం వాళ్లకు పులిసిన క్యాబేజీ. ఎవరికేం కావాలో అడిగి మరీ తెలుసుకునేది. దక్షిణాన సముద్రం ఒడ్డున చావోజౌ నుంచి వచ్చిన ఈ వెల్డరు మాత్రం నోరు విప్పేవాడు కాదు; ఊరి నుంచి తెచ్చుకున్న బుల్లి కప్పులో టీ తాగి లేచిపోయేవాడు. నిన్న వంతెన పైన పని చేస్తూ కళ్లు తిరిగి తూలాడు. ఇవాళ మధ్యాహ్నం లారీలో ఇంటికి పంపేస్తున్నారు.

ఆమె వెళ్లి ఎదురుగా కూర్చుంది.

“నా వంటలో విషం కలిపానా నాయనా?”

“అయ్యో, అదేం లేదు పిన్నీ. కారం తట్టుకోలేను.”

“మరి మీ ఊళ్లో ఏం తింటార్రా?”

“గంజి,” అన్నాడు సిగ్గుపడుతూ.

పక్క బల్ల దగ్గరి సిచువాన్ వాడు పకపకా నవ్వాడు. “జ్వరమొచ్చినోడి తిండి!”

“నువ్వు నోర్మూసుకుని తిను,” అంటూ ఆమె పొయ్యి దగ్గరికి నడిచింది.

కాచి తెచ్చింది. జువాంగ్ చెంచాతో కలిపి చూసి నసిగాడు. “ఇది జావ పిన్నీ. గింజ చితక్కూడదు. పైన నీళ్లు తేటగా ఉండాలి.”

“చితక్కుండా ఎలా ఉడుకుతుందీ?” ఆమె కళ్లు మెరిశాయి.

“పెద్ద మంట మీద ఉడికించి, గింజ విచ్చుకోగానే దింపి మూత పెట్టెయ్యాలి. అదే మగ్గుతుంది.”

మళ్లీ కాచింది. ఉప్పులో ఊరిన ముల్లంగి సన్నగా తరిగి గుడ్డట్టు వేసింది. జువాంగ్ తలెత్తకుండా తాగాడు. గిన్నె మళ్లీ చాపాడు. ఆమె కూడా ఒక గుక్క నోట్లో పోసుకుంది. ముందు ఏమీ తెలియలేదు. మింగాక మెల్లగా బియ్యం తీపి తెలిసింది.

“ఓరి, రుచి వెనకనించి వస్తోందే!”

జువాంగ్ నవ్వాడు. “పిన్నీ, మీ వైపు ఏం తింటారు?”

ఇన్నేళ్లలో ఆ మాట ఆమెనెవరూ అడగలేదు.

“మేమా... పిండిముద్ద చేత్తో పట్టుకుని, మరిగే నీళ్లలోకి కత్తితో రేకులు రేకులుగా చెక్కుతాం. పైన జొన్న వెనిగర్...” నోరూరి గుటక మింగింది.

“ఎంత పోస్తారు?”

“చూసేవాడికే పళ్లు పులవాలి!”

ఇద్దరూ నవ్వుతుండగానే బయట లారీ హారన్ మోగింది. జువాంగ్ సంచి భుజాన వేసుకుని, వంగి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె లారీ మలుపు తిరిగేదాకా చూసి, సాయంత్రం వంటకు పిండి తీసింది. ఆ పూట సిచువాన్ వాడు ఎంత గొణిగినా సరే, చెక్కుడు రేకులే.

పిండి కలిపేందుకు బల్ల తుడవబోతే, ఖాళీ గిన్నె వెనక జువాంగ్ తెల్లటి టీ కప్పు కనిపించింది. నిమ్మడిప్పంత ఉంది, పిడి కూడా లేదు, అడుగున ఒక్క టీ ఆకు ఇంకా తడిగా అంటుకుని ఉంది.