ఆయన నోటితోనే

"ఓనరుగారు లేరామ్మా?" అని అడిగాడు కర్టెన్లు కొనడానికి వచ్చిన పెద్దమనిషి. ఆయన ఇంటికి వెళ్ళి కిటికీలు కొలిచింది నేను. ఎండ ఎటు పడుతుందో చూసి గుడ్డ ఎంచింది నేను. స్టూలెక్కి ఆ గుడ్డ విప్పి చూపిస్తున్నదీ నేనే. అప్పుడే టీ తాగి వచ్చిన మా ఆయన కౌంటరు వెనక కుర్చీలో సర్దుకుంటూ, "నేనే సార్, చెప్పండి. మా ఆవిడ ఊరికే, ఏదో సాయానికి వస్తుంటుంది" అన్నాడు.

సాయం! పెళ్ళికి ముందు దర్జీ కొట్లో కుట్టి దాచుకున్న కూలితో, పడగ్గది మూలలో ఒక పాత మిషను మీద నేను మొదలుపెట్టిన వ్యాపారం ఇది. షాపు తీసుకునేటప్పుడు "ఆడదాని పేరు చూసి ఎవడిస్తాడే అప్పు?" అని అద్దె కాగితం, లైసెన్సు తన పేరున రాయించుకున్నాడు. అత్తగారైతే వచ్చినవాళ్ళందరితో, "మావాడు కొట్టు పెట్టబట్టి దీనికి ఫ్యాను కింద కూర్చునే యోగం పట్టింది" అనేది. కూర్చున్నదెప్పుడో నా కాళ్ళనడగాలి. షాపు మూశాక ఆయన ఇంటికెళ్ళి నడుం వాల్చేవాడు, నేను వెళ్ళి పొయ్యి వెలిగించేదాన్ని.

ఒకరోజు బోర్డుకి రంగు వేయిస్తుంటే, నా పేరు కూడా రాయించమన్నాను. ఆయన పెయింటరు ముందే పకపకా నవ్వాడు. "జీతం కూడా లేనిదానికి బోర్డు మీద పేరా?"

ఆ మధ్యాహ్నమే లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"విడాకులు వస్తాయి. షాపు సంగతే కష్టం. కాగితాలన్నీ ఆయనవి. మీదని రుజువు చెయ్యాలంటే ఏళ్ళు పడుతుంది" అందావిడ.

"షాపు నా భార్యదేనని ఆయనే ఒప్పుకుంటే?"

"ఎందుకు చెప్తాడండీ?"

"భరణం అడగండి మేడమ్. గట్టిగా అడగండి. ఇవ్వాల్సొస్తుందంటే మా ఆయన తన తలకాయ కూడా తనది కాదంటాడు."

 ఆవిడ నవ్వి, కలం అందుకుంది.

బేరంలో మొదట నోరు జారినవాడు నష్టపోతాడని నాకు తెలుసు. అందుకే నేను ఇల్లు వదిలి నోటీసు పంపించాక ఆయన ఫోన్లో ఎన్ని తిట్లు తిట్టినా, అత్తగారు "కట్టుకున్నవాడి రక్తం తాగుతావుటే" అని శాపనార్థాలు పెట్టినా కిక్కురుమనలేదు. రానీ, జవాబు కాగితం మీదే రానీ అనుకున్నాను.

వచ్చింది. ఆయన లాయరు రాసిన అఫిడవిట్‌ని మా లాయరమ్మ చదివి వినిపించింది: షాపు పెట్టుబడి, సరుకు, సంపాదన సమస్తం భార్యవే, కాగితాల్లో పేరు నామమాత్రం, తనకు అందులో వాటా గానీ ఆదాయం గానీ లేవు, అప్పుడప్పుడు ఆమెకు సాయం చేశాడంతే. కింద సంతకం. పైగా సత్యమేనని ప్రమాణం. ఇంకొకసారి చదవమన్నాను. మిఠాయి తిన్నట్టు విన్నాను.

వాయిదా రోజున మా లాయరమ్మ లేచి, "ప్రతివాది చెప్పినదంతా మేము అంగీకరిస్తున్నాం. షాపు నా క్లయింటుదేనని నమోదు చేసుకుంటే భరణం కోరిక వదులుకుంటాం" అంది. జడ్జిగారు ఆయన్ని పిలిచి, చదివి తెలిసే సంతకం పెట్టావా అని అడిగారు. తెలియదంటే అబద్ధపు ప్రమాణం చేసిన నేరం మీద పడుతుంది. ఆయన తన లాయరు వైపు చూశాడు, ఆ లాయరు ఫైలు వైపు చూశాడు.

"పెట్టానండీ" అన్నాడు చివరికి.

షాపు నాదని కోర్టులో నమోదయ్యాక, వరండాలోకి రాగానే నా మీదికొచ్చాడు. "ముంచేశావు కదే! మరి నేనెలా బతకాలి? నేనూ భరణానికి వేస్తా, చూస్తుండు!"

"వెయ్యండి" అన్నాను. "కాకపోతే, నాకు ఏ పనీ చేతకాదు, ఇన్నాళ్ళూ ఆవిడ కష్టం మీదే తిన్నాను అని ప్రమాణం చేసి రాయాలి. నిక్షేపంగా రాయండి. అందులో ఒక్క అక్షరం కూడా నేను కాదనను."