పై వీధి తువ్వాళ్లు

ఫైర్ స్టేషన్లో మధ్యాహ్నం రెండింటికి ఒక రకం మత్తు కమ్ముకుంటుంది. కడిగిన గొట్టాలను ఎత్తైన స్తంభానికి వేలాడదీసి ఆరబెడతారు. గాలికి అవి మెల్లగా ఊగుతుంటే వాటి నీడలు ఆవరణలో అటూ ఇటూ పాకుతుంటాయి. ఎర్ర బండి కింద పిల్లి నిద్రపోతుంది. బండి లోపల డ్రైవరు బాబాయ్ నిద్రపోతాడు. ఆయన స్టేషన్‌కే కాదు, ఊరంతటికీ బాబాయే. ఆయన గురక విని బండి స్టార్టయిందనుకుని ఆఫీసరు గారు రెండుసార్లు హెల్మెట్ పెట్టుకుని పరుగెత్తుకొచ్చారట. నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి.

ఆ మత్తులో కూడా కునుకు తీయని మనిషి ఒక్కతే. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ ఊరు దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. ఎండుటాకులు ఊడవండి, చూరు కింద చెత్త తీయండి, కట్టెలు గోడకు ఆనించకండి అని ఇంటింటికీ తిరిగి చెప్పడం పన్నెండేళ్లుగా ఆమె ఉద్యోగం. అందుకని ఆకులమ్మ అయింది. ఇల్లు కాలాక బావి తవ్వితే ఏం లాభమర్రా అని నెత్తీ నోరూ కొట్టుకునేది. ఆదివారం వస్తే స్టేషన్ గేట్లు బార్లా తెరిచేవారు. పిల్లలు బండెక్కి గంట కొట్టేవాళ్లు, పెద్దవాళ్లు టీ తాగుతూ బెంచీల మీద చేరేవాళ్లు. ఆకులమ్మ గోడకు తెర కట్టి ఫొటోలు వేసి మైకులో పాఠం చెప్పేది. ఆ గొంతు ఎంత మెత్తనిదంటే, పాఠం సగానికొచ్చేసరికి వెనక బెంచీల వాళ్లు హాయిగా జోగేవాళ్లు.

ఆమె పెట్టిన పద్ధతుల్లో ఆమెకు మహా గర్వంగా ఉండేది తువ్వాలు. కొండ అంటుకుందని పిలుపు వస్తే, ఇల్లు వదిలి వెళ్లేవాళ్లు గేటుకు తెల్ల తువ్వాలు కట్టి వెళ్లాలి. తువ్వాలు ఉందంటే లోపల ఎవరూ లేరని లెక్క. బండి అక్కడ ఆగదు. అలా మిగిలిన రెండు నిమిషాలూ లోపల చిక్కుకున్న ఇంకో ఇంటివాళ్లకు దక్కుతాయి. ఊరు ఊరంతా ఈ మాట నేర్చుకుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆకులమ్మ రచ్చ గెలిచింది గానీ ఇంట్లోనే ఓడింది.

ఆమెకు ఒక్కతే అక్క. కొండకు ఆనుకుని ఉన్న పై వీధిలో బట్టలు కుడుతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అయినా చిన్నప్పుడు తల్లి పనికి పోతే చెల్లెల్ని నిద్ర లేపి, జడ వేసి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది ఆ అక్కే. నాలుగు నెలల కిందట ఒక ఆదివారం ఆ అక్క, ఎన్నడూ లేనిది, క్లాసుకు వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. ఆకులమ్మ చూసుకోలేదు. తెర మీద ఒక పెరటి ఫొటో వేసి, "ఇలా మాత్రం ఉండకూడదు" అంది. గోడకు ఆనించిన కట్టెల గుట్ట, దాని మీద ఎండిన తీగ, పక్కన తాడు మీద గుడ్డముక్కల బొంత. ఎవరి పెరడో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, ఆ బొంతలో ఊళ్లో ప్రతి ఇంటి గుడ్డముక్కా ఉంది. జనం ఘొల్లున నవ్వారు. అక్క చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు అక్క గేటుకు తెల్ల తువ్వాలు వేలాడింది. లోపల కుట్టుమిషను టకటకమంటూనే ఉంది. నీకు ఈ ఇంట్లో మనుషుల్లేరు, నీ దారి నువ్వు చూసుకో అని దానర్థం. ఆకులమ్మకు పౌరుషం పొడుచుకొచ్చింది. లోపలికెళ్లి "తప్పయిందక్కా" అంటే సరిపోయేది. అనలేదు. ఆ రోజు నుంచి పై వీధిలో అడుగే పెట్టలేదు. వీధి మొదట్లో కరపత్రాల కట్ట పడేసి, రిజిస్టరులో మాత్రం ప్రతి సోమవారం 'పై వీధి, పంతొమ్మిది ఇళ్లు, చూశాను' అని రాసి సంతకం పెట్టింది. పదహారు సోమవారాలు. చెప్పొద్దూ, ఒక్క వారం కూడా తప్పలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచే వెలుతురు తేడాగా ఉంది. సూర్యుడు రాగి రంగుకు తిరిగి, కళ్లెత్తి చూసినా గుచ్చుకోకుండా ఉన్నాడు. కొండ అవతల ఏదో కాలుతోందని అందరికీ తెలుసు. ఏటా కాలే కొండేగా అనుకుని, పై వీధి వాళ్లు కిటికీలు మూసి, ఫ్యాన్లు వేసుకుని, తిని పడుకున్నారు. రెండున్నరకు గాలి ఇటు తిరిగింది.

బండి పై వీధి ఎక్కేసరికి అక్కడంతా నిశ్శబ్దం. బూడిద రాలుతోంది, తొందరేమీ లేనట్టు గాల్లో తిరుగుతూ తిరుగుతూ. పిట్టలు ఎగరడం మానేసి రోడ్డు మీద నడిచిపోతున్నాయి. ఆఫీసరు గారు గడియారం చూసుకుని, "అరగంట. ఆ తర్వాత ఈ వీధి మనది కాదు" అన్నారు.

ఆకులమ్మ మైకు అందుకుంది. "అందరూ దయచేసి బయటికి రండి. కొండ అంటుకుంది. అందరూ దయచేసి..."

ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ప్రతి ఆదివారం విన్న గొంతే, అదే మెత్తదనం. ఇళ్లలో వాళ్లు పక్కకు తిరిగి పడుకున్నారు.

ఆఫీసరు గారి ముఖం మాత్రం వెలిగిపోయింది. "శభాషమ్మా! చూడు, పన్నెండు గేట్లకు తువ్వాళ్లు! మనం రాకముందే పన్నెండిళ్లు ఖాళీ. నీ పాఠం ఊరికే పోలేదు. మిగిలినవి ఏడే. పోనీ బాబాయ్."

బండి కదిలింది. ఆకులమ్మ తువ్వాళ్ల వంక చూసింది. అవి ఇవాళ కట్టినవి కావు. ఎండకు పసుపెక్కాయి, దుమ్ము పట్టాయి, ఒకదాని మీద పిచ్చుక రెట్ట ఎండిపోయి ఉంది. అక్కదొక్కటే అనుకుంది ఇన్నాళ్లూ. వీధి వీధంతా అక్క దారే పట్టింది! కలలో అరవబోతే గొంతు రాదు చూడండి, అలా అయింది ఆమె పరిస్థితి. నోరు తెరిస్తే పదహారు సంతకాలూ బయటపడతాయి. తెరవకపోతే అక్క పోతుంది. అక్క గేటు ఎదురొచ్చింది, పక్కకొచ్చింది, దాటిపోబోతోంది.

"ఆపు బాబాయ్!"

"తువ్వాలుందిగా తల్లీ?" అన్నాడు డ్రైవరు బాబాయ్, బ్రేకు మీద కాలేస్తూనే.

"అవన్నీ పాతవి. లోపల మనుషులున్నారు. సార్, నేను నాలుగు నెలలుగా ఈ వీధికి రాలేదు. వచ్చానని రాసిందంతా అబద్ధం."

ఆఫీసరు గారు ఆమె వంక ఒక్క చూపు చూశారు. రెండు లెంపకాయలు కొట్టినా అంతకన్నా నయమే. "అందరూ దిగండి. తువ్వాలున్నా లేకపోయినా ప్రతి తలుపూ బాదండి" అని మాత్రం అన్నారు. మిగతా ఇద్దరు ఫైర్‌మెన్ చెరో వైపు పరుగెత్తారు. ఆకులమ్మ నేరుగా అక్క ఇంట్లోకి పరుగెత్తింది.

తలుపు గడియ వేసి లేదు. కిటికీకి అడ్డంగా కుట్టాల్సిన బట్టలు వేలాడుతున్నాయి. వాటి గుండా వచ్చిన వెలుగు గదంతా తేనె రంగు పులిమింది. మిషను పక్కన నేల మీద అక్క తలకింద చెయ్యి పెట్టుకుని పడుకుంది. మెడలో కొలిచే టేపు అలాగే ఉంది. ఒక్క క్షణం ఆకులమ్మకు కొండ గుర్తులేదు, పొగ గుర్తులేదు. అక్క వీపుకు ముఖం ఆనించి అక్కడే పడుకోవాలనిపించింది. ఎంత పిచ్చి మనసు!

"అక్కా, లే."

అక్క కళ్లు తెరవకుండానే, "బడికి టైమైందా? ఉండు, జడ వేస్తా" అంది.

అప్పుడు కళ్లు తెరిచింది. ఎదురుగా ఎవరున్నారో పోల్చుకుంది. నాలుగు నెలల కోపమూ వచ్చి ముఖం మీద కూర్చుంది.

"ఏమ్మా, ఇంకో ఫొటో కావాలా?"

"తప్పయిందక్కా. నీ కాళ్లు పట్టుకుంటా, లే. కొండ అంటుకుంది."

నాలుగు నెలలు నోట రాని మాట, ఎంత చిన్నదో చూడండి. అక్క కిటికీ వైపు చూసి, గబుక్కున లేచి నిలబడింది. "మరి తువ్వాలు చూసి కూడా ఎలా ఆగావే?"

"అది కోపం తువ్వాలని నాకు తెలీదా? మిగతావాళ్లవే తెలీలేదు. పన్నెండిళ్లకు కట్టి ఉన్నాయి."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓరి దేవుడా! నేనే చెప్పానే. అది కడితే ఆకులమ్మ పీడ విరగడవుతుందని ఇంటింటికీ నేనే చెప్పా. మలుపులో రెండిళ్ల వాళ్లు ఊళ్లో లేరు. మిగతావాళ్లంతా లోపలే ఉన్నారు!"

చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి బండెక్కింది. మైకు లాక్కుంది. "ఇదెక్కడ నొక్కాలి?" అంటే బాబాయ్ చూపించాడు.

"కోళ్ల వదినా! లే, లే! కోళ్లను వదిలెయ్, వాటి దారి అవి చూసుకుంటాయి, ఆ తెలివి నీకే లేదు. పిన్నిగారూ, బీరువా తాళాలు తర్వాత, ముందు మీరు కదలండి. నేనేనర్రా, టైలర్ని! తువ్వాలు కట్టమన్నది నేనే, బుద్ధి గడ్డి తిని చెప్పా. ఇది ఆదివారం పాఠం కాదు. నిజంగా వచ్చేసింది. రండర్రా, మీకు దణ్ణం పెడతా!"

ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. నాలుగు నెలలుగా ఆకులమ్మ పేరెత్తితే ఒంటికాలి మీద లేచే టైలరమ్మే ఆ ఆకులమ్మ బండెక్కి అరుస్తోందంటే ఇక అది ఉత్తుత్తి సంగతి కాదని చిన్నపిల్లలకు కూడా అర్థమైపోయింది. జనం నిద్రకళ్లతో బయటికొచ్చారు. ఒకావిడ తలదిండు చంకలో పెట్టుకుని వచ్చింది, ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలీదు. కోళ్ల వదిన రెండు చేతుల్లో రెండు కోళ్లతో వచ్చింది. ఎవరూ కేకలు పెట్టలేదు. రాగి వెలుగులో, రాలే బూడిదలో, నిద్రలో నడిచేవాళ్లలా ఒకరి వెనక ఒకరు వచ్చి బండెక్కారు. కొండ మీద మాత్రం దూరంగా చిటపటమని చప్పుడు మొదలైంది.

"మాష్టారేరీ?" అంది అక్క హఠాత్తుగా.

మేడింటి మాష్టారు పడుకునే ముందు చెవి మిషను తీసి గూట్లో పెడతారు. తలుపు బాదితే వినబడదు, మైకూ వినబడదు. ఆ సంగతి వీధిలో అక్కకు తెలుసు, రిజిస్టరులో లేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ మెట్లెక్కారు. ఫైర్‌మన్ ఒకాయన తలుపు పగలగొట్టాడు. మాష్టారిని చెరో భుజం పట్టుకుని దింపుతుంటే, మెట్ల కిటికీలోంచి అక్క పెరట్లో మొదటి మంట కనిపించింది. అక్క చూసింది. ఆగలేదు.

"ఇవాళ ఆదివారమా?" అని అడిగారు మాష్టారు, బండిలో కూర్చున్నాక.

"కాదండీ. కానీ క్లాసు జరిగింది" అన్నాడు బాబాయ్, గేరు మారుస్తూ.

సాయంత్రం బడి హాల్లో పేర్లు పిలిచారు. పై వీధి మనుషులంతా పలికారు, కోళ్లతో సహా. ఆరు ఇళ్లు పోయాయి. మొదట పోయింది అక్క ఇల్లు. ఆఫీసరు గారు ఆకులమ్మ దగ్గరికొచ్చి, "రిజిస్టరు సంగతి రేపు మాట్లాడదాం" అని, మంచినీళ్ల గ్లాసు ఇచ్చి వెళ్లిపోయారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆమె అడగలేదు.

హాలు చివర బ్లాక్‌బోర్డు కింద అక్క గోడకు చేరగిలబడి కూర్చుంది. ఆకులమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. కిటికీల్లో వెలుగు నారింజ నుంచి బూడిద రంగుకు దిగుతోంది. పిల్లలు బెంచీల మీదే నిద్రపోయారు.

"కట్టెలేనా?" అంది అక్క.

"ఊఁ. ముందు అవే అంటుకున్నాయట."

"గోడకు ఎంత దూరంలో పెట్టాలంటావు నువ్వు?"

"ముప్పై అడుగులు."

"నా పెరడు మొత్తం పద్దెనిమిది అడుగులే. నా టేపుతో నేనే కొలిచా, రెండుసార్లు" అంది అక్క. "మరి ఎక్కడ పెట్టనే? అది అడుగుదామనే ఆ ఆదివారం వచ్చి ముందు బెంచీలో కూర్చున్నా. నేను నోరు తెరిచేలోపే నువ్వు ఫొటో వేశావు."

ఆకులమ్మ పన్నెండేళ్లలో ఆ ముప్పై అడుగుల మాట ఎన్ని వేలసార్లు చెప్పిందో. ఒక్కరి పెరడైనా కొలిచి చూడలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. అందరూ చూస్తున్నా ఆపుకోలేదు.

"ఇప్పుడు అడుగక్కా. ఇప్పుడు చెబుతా."

"ఇప్పుడేం అడుగుతానే? కట్టెలూ లేవు, గోడా లేదు" అంది అక్క.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆకులమ్మకు కాస్త తేలికగా ఉండేది.