మా ఇంట్ల ఎవ్వరు పోలే

యుద్ధం ఆగిన మర్నాడు తాండూరులో అందరూ సేనాధిపతులే. ఓడిన పాకిస్తాన్‌ను ఏం చెయ్యాలో టీ చల్లారేలోపు హోటల్లోనే తేల్చేశారు. పిల్లికి బిచ్చం పెట్టని కందుల వ్యాపారి రాధాకిషన్ కూడా దుకాణం ముందు లడ్డూలు పంచాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"మీ ఎదురింటి ఖాదర్‌బీ తింటదా? ఆమె అక్క కరాచీల ఉంటది గదా" అన్నారెవరో. అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. లడ్డూల పెట్టెతో ఆమె గుమ్మానికి వెళ్లాడు. వెనకే నలుగురైదుగురు, చేతుల్లో ఫోన్లు.

"తినక్కా, మనం గెలిచినం."

ఖాదర్‌బీ లడ్డూ తీసుకుని అందరి ముందే తింది. "ముబారక్ తమ్మీ" అంది. వాళ్లు చప్పట్లు కొట్టారు.

రాధాకిషన్ భార్య పుష్పమ్మ కిటికీలోంచి అంతా చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది. కిటికీ రెక్క మూసేసింది.

సాయంత్రం వికారాబాద్ నుంచి ఖాదర్‌బీ కూతురు తూబా పుష్పమ్మకు ఫోన్ చేసింది.

"అత్తా, కరాచీల మా పెద్దమ్మ పోయింది. శాన దినాలసంది పానం బాగలేకుండె. పొద్దుగాలనే అమ్మకు కబురొచ్చింది. నేను రేపొస్త, జర అమ్మను చూడు."

పొద్దుగాలనే! అంటే తెలిసే ఆ లడ్డూ మింగింది.

చావింట్లో పొయ్యి వెలిగించరు. ఎదురింటివాళ్లే వండి పంపాలి. ఆ రెండిళ్ల మధ్య ఎన్నడూ తప్పని పద్ధతి అది. పుష్పమ్మ అత్త పోయినప్పుడు ఇంటిల్లిపాదీ తిన్నది, ఖాదర్‌బీ కొత్త గిన్నె కొని మరీ వండి పంపిన పప్పన్నమే.

పుష్పమ్మ జొన్నరొట్టెలు, పప్పు డబ్బాలో సర్దింది.

"నేను గూడ రానా?" అన్నాడు రాధాకిషన్, తల ఎత్తకుండా.

"ఇయ్యాల నీ మొఖం ఆమెకు చూపెట్టకు."

తలుపు తీసిన ఖాదర్‌బీ మొదట వీధిలోకి చూసింది, తర్వాత డబ్బా వైపు.

"ఇదెందుకు పుష్పా? మా ఇంట్ల ఎవ్వరు పోలే."

"తూబా చెప్పింది వదినా."

ఖాదర్‌బీ గొంతు తగ్గించింది. "నువ్వు డబ్బా తెస్తే గల్లీ అంత చూస్తది. ఎవరు పోయిన్రని అడుగుతరు. ఏం చెప్పాలె నేను? చూడు, పొయ్యి గూడ వెలిగించిన."

లోపల పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఖాదర్‌బీ కళ్లు మాత్రం వాచి ఉన్నాయి. ఆమెను పట్టుకుని ఏడవాలని వచ్చిన పుష్పమ్మ, చెయ్యి కూడా తాకకుండా తిరిగొచ్చింది.

"తీస్కున్నదా?" అన్నాడు రాధాకిషన్.

పుష్పమ్మ డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది.

"తిను. గెలిచినవు గదా."